ఏకలవ్యుడి పక్కన ఎవరూ లేరు

(పల్లెలో చర్చి ముందు పందిట్లో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, రాత్రి బడి నడుపుతున్న కార్యకర్తల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

  

పొద్దున్నే మిరప కోతలకు పోయి, పొద్దుగూకి ఇంటికొచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి మళ్లీ ఇక్కడికొచ్చారు. మీ నడుములు ఎంత పీకుతున్నాయో మాకు తెలుసు. మేమూ ఆ చేలల్లోంచి వచ్చినవాళ్లమే. అందుకని ఊకదంపుడు ఉపన్యాసం చెప్పం. ఒక్క సంగతి మాట్లాడుకుని పోదాం.

ఏటా ఏప్రిల్ 14న బాబాసాహెబ్ బొమ్మ దగ్గర మనం ఒక పని చేస్తాం. బాగా చదివే పిల్లల్ని స్టేజీ ఎక్కిస్తాం. దండేస్తాం. ఒక ప్యాడు, ఒక పెన్ను, ఒక స్టీలు గ్లాసు చేతిలో పెడతాం. రోడ్డు మీద ఫ్లెక్సీ కడతాం. చప్పట్లు కొడతాం. మంచిదే. ఊళ్లోవాళ్ల పిల్లలకే కాదు, మన పిల్లలకూ దండ పడాలి. కానీ దండ వాడిపోయిన మర్నాడు ఆ పిల్ల ఎక్కడుంది, ఏం చదువుతున్నది, ఎవరితో మాట్లాడుతున్నది, రాత్రిపూట నిద్ర పడుతున్నదా లేదా అని మనలో ఎవరు అడిగారు? మేమూ అడగలేదు. ఇవాళ ఆ తప్పు ఒప్పుకోవడానికే మీ ముందు నిలబడ్డాం.

ఎవర్ని చూసి రాశావ్?

మా రాత్రి బడికి ఒక పాప వస్తుంది. పేరు చెప్పం. తల్లి మిరప కోతలకు, పత్తి తీతకు పోతుంది. తండ్రి తాపీ పని. పాప ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక సంగతి జరిగింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 14 మంది ముఠాగా మిరప కోతకు పోయారు. సాయంత్రం మేస్త్రీ కూలి పంచుతుంటే ఈ పాప తల్లి పక్కన నిలబడి వింటున్నది. కాటా లెక్క 392 కిలోలు, కిలోకి 10 రూపాయలు. కాగితం లేదు, కలం లేదు. ‘మనిషికి 280 రావాలి గదమ్మా, 260 ఇచ్చాడేంది?’ అన్నది. మేస్త్రీ మళ్లీ లెక్క చూసుకున్నాడు. మనిషికి 20 రూపాయలు చేతిలో పెట్టాడు. ఆ రాత్రి పల్లెంతా ఆ పాపని ముద్దాడింది.

ఆ ఏడే స్టేజీ ఎక్కించాం. ఫ్లెక్సీ వేయించాం. ‘మా కాబోయే కలెక్టర్’ అని రాయించాం. పదకొండేళ్ల పిల్ల నెత్తిన కలెక్టరేట్ పెట్టాం.

ఏడో తరగతిలో బళ్లో పరీక్ష పెట్టారు. పుస్తకంలో చెప్పిన పద్ధతి కాకుండా ఈ పాప తనకు తోచిన దగ్గర దారిలో ఒక లెక్క చేసింది. జవాబు సరిపోయింది. పేపర్లు ఇచ్చే రోజు సారు క్లాసులో నిలబెట్టి, ‘ఎవర్ని చూసి రాశావ్?’ అన్నాడు. చూసి రాయలేదన్నది. బోర్డు దగ్గరకు పిలిచాడు. మళ్లీ చేసింది. ‘ట్యూషన్లో బట్టీ పట్టించారన్నమాట’ అన్నాడు. క్లాసంతా నవ్వింది.

అంతే. ఎవరూ కొట్టలేదు. కులం పేరెత్తి తిట్టలేదు. కేసు పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ రోజు నుంచి ఆ పాప క్లాసులో చెయ్యెత్తలేదు. తర్వాతి పరీక్షల్లో మార్కులు తగ్గాయి. ఆ తర్వాత ఇంకా తగ్గాయి. తల్లి ‘ఫోను చూడ్డం ఎక్కువైంది’ అన్నది. తండ్రి ఒకసారి చెయ్యి చేసుకున్నాడు. మరి మేమేం చేశాం? ‘ఫ్లెక్సీ వేయిస్తే మా పరువు తీశావే’ అన్నాం. కార్యకర్తలం, సామాజిక న్యాయం మాట్లాడేవాళ్లం, అన్న మాట అది.

ఆరు నెలలు గడిచాయి. ఒక రాత్రి కరెంటు పోయింది. పిల్లలు చీకట్లో వసారాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఈ పాప పక్క పిల్లతో అంటున్నది: ‘తెలిసినా తెలియనట్టు ఉంటే ఎవరూ ఏమనరు.’ మాలో ఒకరి చెవిన పడింది ఆ మాట. అప్పుడు గానీ అడగాలన్న బుద్ధి మాకు పుట్టలేదు.

అమ్మా, ఆలోచించండి. అక్షరం రాని పిల్లకి అక్షరం నేర్పడానికి మనం రాత్రి బడి పెట్టుకున్నాం. తెలివి ఉన్న పిల్ల ఆ తెలివిని దాచుకోవడం నేర్చుకుంటుంటే మన కంటికి ఆనలేదు. దాచుకోవడం నేర్పింది ఒక్క బడేనా? మనమూ నేర్పాం. గెలిస్తే దండ, ఓడితే దెబ్బ అన్నాం. మధ్యలో మనిషిని చూడలేదు.

తెలివి ఎవడబ్బ సొత్తు?

ఒక్కసారి వింటే పట్టేసేవాణ్ని ఏకసంథాగ్రాహి అంటారు. ఆ మాట వేదం వల్లించే వాళ్ల ఇళ్లల్లో పుట్టింది. మన పిల్ల అదే పని చేస్తే దానికి పేరు ‘కాపీ’. లేకపోతే ‘గాలివాటం’. లేకపోతే ‘రిజర్వేషన్’. 1990లో మండల్ సిఫారసులు అమలు చేస్తామన్నప్పుడు దేశమంతా రోడ్లెక్కి ప్రతిభ చచ్చిపోతున్నదని గుండెలు బాదుకున్నారు. ఆ ఏడుపు ఇప్పటికీ ఆగలేదు. మేమడిగేది ఒకటే. 392ని నోటితో పద్నాలుగు భాగాలు చేసిన పిల్ల చెయ్యి దించుకుని కూర్చుంటే చచ్చింది ఏమిటి? అది ప్రతిభ కాదా? దానికి ఒక్కడూ గుండె బాదుకోడేం?

ఏకలవ్యుడి కథ మీ అందరికీ తెలుసు. ద్రోణుడు బొటనవేలు అడిగాడు, నిషాదుల పిల్లవాడు కోసిచ్చాడు. మన సభల్లో ఈ కథ చెప్పి ద్రోణుణ్ణి తిడతాం. తిట్టాల్సిందే. కానీ ఆ కథలో ఇంకో సంగతి చూడండి. ఆ పిల్లవాడు అడవిలో ఒక్కడే నేర్చుకున్నాడు. మాట్లాడ్డానికి ఒక మట్టిబొమ్మ తప్ప ఎవరూ లేరు. గురువొచ్చి వేలు అడిగిన వేళ ‘ఇవ్వొద్దురా నాయనా, నీ విద్య నీది’ అని చెప్పే మనిషి పక్కన ఒక్కడు లేడు. ఉంటే ఆ వేలు మిగిలేదేమో.

మన పల్లెల్లో ఏకలవ్యులకు కొదవ లేదు. పక్కన నిలబడే వాళ్లకే కొదవ. ఇవాళ మేం చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా దీని వివరణే.

బాబాసాహెబ్ ఒక్కడే పైకి రాలేదు

బాబాసాహెబ్ తన తెలివితో తనే ఎదిగాడనీ, ఎవరి సాయం లేదనీ కొందరు చెప్తుంటారు. గొప్పగా ఉంటుంది గానీ నిజం కాదు. పిల్లలకు ఇలా చెప్తే ‘సాయం అడగడం చేతకానితనం’ అనుకుంటారు.

తండ్రి రాంజీ సక్పాల్. పట్టాళంలో పనిచేసి పింఛనీ మీద బతుకుతున్నాడు. బొంబాయి పరేల్లో ఒక్క గది. అదే వంటిల్లు, అదే పడక. కొడుకుని పెందలాడే పడుకోబెట్టి, తాను రాత్రి రెండింటి దాకా మేలుకుని ఉండి, అప్పుడు లేపి చదువుకు కూర్చోబెట్టేవాడు. కొడుకు పుస్తకం కావాలంటే పెళ్లయిన కూతుళ్ల దగ్గరకు పోయి అప్పడిగేవాడు. వాళ్ల నగలు తాకట్టు పెట్టి పుస్తకం కొని, పింఛనీ రాగానే విడిపించేవాడు. అంబేద్కర్ పుస్తకాల వెనక అక్కల నగలున్నాయమ్మా! ఈ మాట ఆడపిల్లలు గుర్తుపెట్టుకోవాలి.

కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే పంతులు సాయంత్రాలు తోటలో పుస్తకం పట్టుకుని కూర్చునే ఈ కుర్రవాణ్ణి గమనించాడు. పలకరించాడు. పుస్తకాలిచ్చాడు. 1907లో మెట్రిక్ పాసైతే మహర్లంతా కూడి అభినందన సభ పెట్టారు. ఆ సభలో కేలుస్కర్ తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్ర చేతిలో పెట్టాడు. దండతో ఆగలేదు చూడండి. తర్వాత చదువుకు డబ్బు లేకపోతే బరోడా మహారాజు శాయాజీరావు దగ్గరకు తీసుకుపోయింది కూడా ఆ పంతులే. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. 1913లో అదే మహారాజు సాయంతో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. ఒక తండ్రి, అక్కలు, ఒక పంతులు, ఒక కులసభ, ఒక రాజు. ఇంతమంది పక్కన నిలబడితే ఒక అంబేద్కర్.

ఆయన మనసు సంగతి కూడా చెప్పుకోవాలి. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఒకరోజు లెక్క చెయ్యమని బోర్డు దగ్గరకు పిలిచారు. బోర్డు వెనక సవర్ణ పిల్లల అన్నం డబ్బాలున్నాయి. ఈయన బోర్డు ముట్టుకుంటే అన్నం మైలపడుతుందని పిల్లలంతా ఎగబడి డబ్బాలు తీసేసుకున్నారు. అప్పుడు గానీ లెక్క చెయ్యనివ్వలేదు. మన పాప బోర్డుకూ ఆ బోర్డుకూ ఎంత దూరమో మీరే చెప్పండి.

1917లో విదేశీ చదువులు చదివి బరోడా కొలువుకొచ్చాడు. ఆఫీసులో నౌకర్లు ఫైళ్లు దూరం నుంచి విసిరేవాళ్లు. ఉండటానికి ఇల్లు ఇచ్చినవాడు లేడు. ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆ రోజు ఊరి తోటలో చెట్టు కింద కూర్చుని ఏడ్చాడు. అవును, బాబాసాహెబ్ ఏడ్చాడు. అందుకని మన పిల్లాడు హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడిస్తే ‘అంబేద్కర్ వారసుడివి, ఏడుస్తావురా’ అనకండి. అంబేద్కర్ కూడా ఏడ్చాడురా, చెప్పు ఏం జరిగిందో అనండి.

ఇంకా వెనక్కి పోదాం. 1848లో పుణెలో జోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఫూలే బడి పెట్టారు. వాళ్ల బళ్లో ముక్తా సాల్వే అనే పిల్ల చదివింది. మాంగ్ కులం. అక్కడ మాంగ్ అంటే ఇక్కడ మన మాదిగలాంటి వాళ్లే అనుకోండి. చదివింది మూడేళ్లు. వయసు పద్నాలుగు. 1855లో ఆ పిల్ల మహర్ల, మాంగుల దుఃఖం మీద వ్యాసం రాస్తే జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. వేదాలు మావి కావంటున్నారు కదా, అయితే మా మతం ఏది అని దేవుణ్ణే నిలదీసింది. మన ఆడవాళ్లు నెత్తి మీద కప్పు లేని చోట ప్రసవిస్తే ఎంత బాధపడతారో రాసింది. మూడేళ్ల చదువుకే! ఆ పిల్ల పంతులమ్మ ‘ఎవర్ని చూసి రాశావ్’ అని అడగలేదు. రాసింది నలుగురి ముందుకు పోనిచ్చింది. తేడా అక్కడుంది.

చదువుకు ఏం కావాలి

తెలివైన పిల్లకి వేరే సాయం ఎందుకు, తనే చదువుకుంటుంది కదా అంటారు. కాదు. పదిమంది వారంలో నేర్చుకునేది తాను రెండు రోజుల్లో నేర్చుకుంటే మిగతా నాలుగు రోజులు ఆ పిల్ల ఏం చెయ్యాలి? బళ్లో అయితే సారుకి టీ తెచ్చి పెట్టడం, చిన్న క్లాసు పిల్లల్ని అరవకుండా చూడ్డం. ఇంట్లో అయితే చంటివాణ్ణి ఆడించడం, గొడ్లకు నీళ్లు పెట్టడం. విసుగొస్తుంది. విసుగు పుట్టి అల్లరి చేస్తే ‘పొగరు’ అంటారు. ఆ నాలుగు రోజులకు పై క్లాసు పుస్తకం కావాలి. కథల పుస్తకం కావాలి. ‘ఇది ఎందుకిలా?’ అని అడిగితే విసుక్కోకుండా ‘నాకూ తెలీదు, పద వెతుకుదాం’ అనే మనిషి కావాలి.

రెండోది, దారి తెలియాలి. సర్కారు మెట్లు కొన్ని ఉన్నాయి. గడువు దాటాక తెలిస్తే లాభం లేదు. ఐదో తరగతిలో చేరడానికి గురుకులాల పరీక్ష ఉంది. 1980ల్లో ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారుల పూనికతో వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకులాలు ఇవి. ఆరో తరగతికి నవోదయ పరీక్ష ఉంది. నూటికి 75 సీట్లు పల్లెటూళ్లవే. కానీ ఐదో తరగతి చదివే ఏడు ఒక్కసారే రాయనిస్తారు. ఎనిమిదో తరగతిలో ప్రభుత్వ బడి పిల్లలకు ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. గురుకులాల్లో ఉండి చదివే పిల్లలకు ఇది రాదు. పది పాసయ్యాక ట్రిపుల్ ఐటీలున్నాయి. పల్లె పిల్లల కోసమని 2008లో పెట్టినవి, పదో తరగతి మార్కుల మీద సీటిస్తారు. వీటిలో కొన్నిటికి కుల సర్టిఫికెట్ కావాలి, కొన్నిటికి ఆదాయం సర్టిఫికెట్ కావాలి. ఆధార్లో పేరు ఒకటి, బళ్లో పేరు ఒకటి ఉంటే అక్కడే ఆగిపోతుంది. పరీక్ష ముందు రోజు కాదు, ఈ నెలలోనే చూసుకోవాలి.

మూడోది డబ్బు. పెద్ద డబ్బు కాదు, వేళకి అందే డబ్బు. 2024లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దళిత దినకూలీ కొడుకుకి ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. సీటు నిలుపుకోవడానికి కట్టాల్సింది 17,500 రూపాయలు. జూన్ 24 సాయంత్రం ఐదింటికి గడువు. చందాలు పోగేసుకుని వచ్చేసరికి నిమిషాలు మిగిలాయి. కట్టేలోపు కంప్యూటర్ మూసుకుంది. సీటు పోయింది. ఆ కుటుంబం కోర్టుల చుట్టూ తిరిగి సుప్రీంకోర్టు దాకా పోతే సెప్టెంబర్ 30న ఆ పిల్లవాడికి సీటివ్వమని తీర్పొచ్చింది. అతను గెలిచాడు. కోర్టు దాకా పోలేక కూలికి పోయినవాళ్లు ఎంతమందో ఎవరు లెక్కపెట్టారు?

నాలుగోది. తెలివంటే మార్కులొక్కటే కాదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ అనే ఆదివాసీ పిల్ల పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. తాడ్వాయి గురుకులంలో చదివే పిల్ల, కూలి చేసుకునే తల్లిదండ్రులు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు ఆనంద్ కుమార్ ఎక్కాడు. ముందు గురుకులాల పిల్లల్ని భువనగిరి బండ దగ్గరకు తీసుకుపోయి ఎక్కించి చూశారు. నెలల తరబడి తర్ఫీదు ఇచ్చారు. బండ దగ్గరకు తీసుకుపోకపోతే ఆ కాళ్లలో అంత సత్తా ఉందని ఎవరికి తెలుస్తుంది? మన పల్లెలో పాడైన మోటారు విప్పి బిగించే పిల్లాడున్నాడు. డప్పు మీద కొత్త దరువు కట్టే పిల్లాడున్నాడు. గోడల మీద బొగ్గుతో బొమ్మలేసే పిల్ల ఉంది. వాళ్లనెవరు చూస్తున్నారు?

మనసుకు ఏం కావాలి

మాలో ఒకడి సంగతి చెప్తాం. చెప్పమని వాడే అన్నాడు. ఇవాళ మీకు మజ్జిగ పోసింది వాడే. చాలా ఏళ్ల కిందట పదిలో మండలం ఫస్టు వచ్చాడు. పట్నంలో పెద్ద కాలేజీలో ఫ్రీ సీటిచ్చారు. తెల్లారి నాలుగున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా చదువు. ఇక్కడ తెలుగు మీడియం ఫస్టు, అక్కడ ఇంగ్లీషు క్లాసులో మూగవాడు. వారం వారం ర్యాంకులు గోడకు అంటించేవాళ్లు. ఇంటికి ఫోన్ చేస్తే ‘బాగున్నానమ్మా’ అనేవాడు.

ఒక ఆదివారం తల్లి అరిసెలు చేసి మూట కట్టుకుని బస్సెక్కి వచ్చింది. గేటు దగ్గర నిలబడింది. వీడు మేడ మీద నుంచి చూశాడు. పక్కన ఉన్న కుర్రాడు ‘ఎవర్రా ఆమె?’ అన్నాడు. ‘మా ఊరామె ఎవరో’ అన్నాడు వీడు. పక్కవాళ్లంతా మెస్సుకి పోయేదాకా దిగలేదు. ఆ అమ్మ గంటసేపు ఎండలో నిలబడింది. ఆ సంగతి ఇప్పటికీ ఆమెకు తెలియదు. తెలిసి ఊరుకుందో మరి.

ఆ పిల్లాడు చెడ్డవాడా? కాదు. అమ్మని చూస్తే ఏ కులమో తెలిసిపోతుందని భయం. ఇంటిపేరు చెప్తే తెలిసిపోతుందని భయం. పొద్దున లేచింది మొదలు దాచుకోవడానికే సగం బుర్ర ఖర్చయిపోతే లెక్కలకు మిగిలేదెంత? ఫస్టియర్లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంటికొచ్చి మొహం చూపించలేక ఏడాది పాటు హైదరాబాదులో హోటల్లో ప్లేట్లు కడిగాడు. ఫ్లెక్సీ వేసిన మేము వాడి కోసం వెతకలేదు.

వాడు బతికొచ్చాడు. రానివాళ్లున్నారు. గుంటూరులో కుట్టుపని చేసి పిల్లల్ని పెంచిన రాధికమ్మ కొడుకు రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన చేసేవాడు. సైన్సు రచయిత కావాలని కలగన్నవాడు. నెలల తరబడి ఫెలోషిప్ డబ్బు ఆగిపోయింది. ఐదుగురు విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెలేస్తే ఆరుబయట టెంటు వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. అదే యూనివర్సిటీలో 2008లో సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేశ్ అలాగే పోయారు. ఆ ఇద్దరికీ పరిశోధనకు గైడుని వేళకు ఇవ్వలేదన్న మాట అప్పుడు బయటికొచ్చింది. 2007లో థోరాట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ పోయి చూసి, మన పిల్లల్ని హాస్టళ్లలోనూ క్లాసుల్లోనూ ఎలా వేరుచేస్తున్నారో రాసింది. చదువు రాక పోయినవాళ్లు కాదు వీళ్లు. మనలో అందరికంటే బాగా చదివినవాళ్లు.

ఆ సంస్థలతో పోరాడాల్సిందే. పోరాడుతూనే ఉంటాం. అది వాళ్లు మారాల్సిన సంగతి. మనం మారాల్సిన సంగతి కూడా ఒకటుంది. మన పిల్లాడికి మనం ఏం చెప్పి బస్సెక్కిస్తున్నాం? ‘అప్పు తీర్చాలి నువ్వే. చెల్లి పెళ్లి చెయ్యాలి నువ్వే. పల్లె పేరు నిలబెట్టాలి నువ్వే.’ పదహారేళ్ల భుజాల మీద పల్లెంతా ఎక్కి కూర్చుంటే ఆ పిల్లాడు కింద పడినప్పుడు ఎవరికి చెప్పుకుంటాడు? మనకే చెప్పలేడు. ఎందుకంటే బరువు మనమే.

అందుకని బస్సెక్కించేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పండి. ‘ఒక సబ్జెక్టు పోతే మళ్లీ రాద్దువు. ఎవడైనా నిన్నొక మాటంటే మాకు చెప్పు. అక్కడ ఉండలేకపోతే వచ్చేయ్. ఇంటి తలుపు తీసే ఉంటుంది.’ ఈ మాట చెప్తే పిల్లలు చెడిపోరు. వెనక మనుషులున్నారని తెలిసినవాడే ధైర్యంగా ముందుకు పోతాడు.

ఆడపిల్ల సంగతి వేరే చెప్పాలి. మగపిల్లాడు బాగా చదివితే పట్నం పంపుతాం. ఆడపిల్ల బాగా చదివితే ‘ఇంక సంబంధం దొరకదు’ అంటాం. పొద్దున్నే నీళ్లు, అంట్లు, తమ్ముడి జడుపు, తల్లి జ్వరం అన్నీ చూసుకుని, పుస్తకం తీసేసరికి నిద్రొస్తుంది. ఇన్ని పనుల మధ్య ఫస్టు వచ్చిన పిల్లకి ఒక గంట ఖాళీ ఇస్తే ఏమవుతుందో ఎప్పుడైనా చూశామా?

వెనక కూర్చున్న పెద్దమ్మ చెయ్యెత్తింది. ఏందమ్మా? ‘ఒక్క తెలివైన పిల్ల కోసం ఇంత చేస్తే మా మొద్దు మనవడి సంగతేంది?’ అంటున్నావు. మంచి మాట అడిగావు. మొద్దు అని మనం పేరు పెట్టిన పిల్లల్లో ఎందరు తెలిసినా తెలియనట్టు కూర్చున్నారో మనకేం తెలుసు? దీపం, పుస్తకాల అర, అడిగితే విసుక్కోని మనిషి ఒకరి కోసమని పెట్టినా నలభై మందికీ పనికొస్తాయి. మాల పల్లె, మాదిగ పల్లె అని కూడా గీత గీయొద్దు. చివరి గుడిసెల్లో ఉన్న రెల్లి పిల్లలు, డక్కలి పిల్లలు మనకంటే ఒంటరివాళ్లు. ముందు వాళ్లని పిలుద్దాం.

ఇవాళ అనుకోవాల్సినవి

తీర్మానాలు పెద్దగా వద్దు. చెయ్యగలిగినవే అనుకుందాం.

ఒకటి. పై చదువుకు పోయిన ప్రతి పిల్లకీ పల్లెలో ఒక తోడు మనిషి ఉండాలి. తల్లీతండ్రీ కాకుండా ఇంకొకరు. వారానికొకసారి మాట్లాడాలి. మార్కులు అడగకూడదు. ‘తిన్నావా, నిద్రపోయావా, స్నేహితులు కుదిరారా’ అని అడగాలి.

రెండు. పరీక్షల తేదీలు, సర్టిఫికెట్ల గడువులు చర్చి గోడ మీద రాసిపెట్టాలి. ఫోను చూసే కుర్రాళ్లు ఇద్దరు ఆ బాధ్యత తీసుకోవాలి.

మూడు. చదువు డబ్బా. మన పల్లెలో 80 గడపలున్నాయి. గడపకు నెలకు 20 రూపాయలు. నెలకు 1,600. ఏడాదికి 19,200. ఆ ఉత్తరప్రదేశ్ పిల్లవాడి సీటు ఆగింది 17,500 దగ్గర. లెక్క మీరే చూసుకోండి. లెక్కల పుస్తకం ఆడవాళ్ల చేతిలో ఉండాలి.

నాలుగు. బళ్లో పిల్లని చిన్నబుచ్చితే ముగ్గురం కలిసి పోవాలి. తల్లి తప్పకుండా ఉండాలి. మొదట మాట్లాడాలి. వినకపోతే కాగితం రాసి ఇవ్వాలి. పిల్లల్ని కొట్టడమూ మానసికంగా వేధించడమూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. కులం పేరుతో అయితే అట్రాసిటీ చట్టం ఉండనే ఉంది.

ఐదు. రాత్రి బడిలో ఆడపిల్లలకు గంటసేపు. ఆ గంటలో ఇంట్లో అంట్లు మగవాళ్లు తోమాలి. నవ్వకండి అన్నా, మీకే చెప్తున్నది.

ఆరు. పిల్ల మాటల్లో తేడా కనిపిస్తే, తిండి మానేస్తే, ‘నేను లేకపోతే మీకు సుఖం’ లాంటి మాటంటే ఆలస్యం చెయ్యకండి. తిట్టకండి. ఒంటరిగా వదలకండి. మనిషి పోయి పక్కన కూర్చోవాలి. డాక్టర్ దగ్గరకు తీసుకుపోవాలి. 14416 అని ప్రభుత్వ ఫోన్ నంబరుంది. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మనసుకు జబ్బు చేస్తే మందు తీసుకోవడం సిగ్గు కాదు.

ఏడు. ఉద్యోగాలొచ్చి పట్నం పోయిన మన అన్నలకు, అక్కలకు ఒక మాట. మీరు పండక్కి వచ్చినప్పుడు కొత్త కారు చూపించి పోకండి. మీరు ఫెయిలైన సంగతి, మీరు ఏడ్చిన సంగతి పిల్లలకు చెప్పి పోండి. అది మీ కారు కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇంతకీ ఆ పాప ఏమైందని అడుగుతున్నారు కదా. తల్లిని వెంటబెట్టుకుని బడికి పోయాం. సారు ‘సరదాకి అన్నాను’ అన్నాడు. మేం గొడవ పెట్టుకోలేదు. మళ్లీ బోర్డు దగ్గరకు పిలవండి, ఆమె పద్ధతి క్లాసుకి చెప్పనివ్వండి అన్నాం. పిలిచాడు. చెప్పింది. కథ అక్కడితో సుఖాంతం అయిందనుకోకండి. క్లాసులో ఇంకా తనంతట తాను చెయ్యెత్తడం లేదు. కానీ రాత్రి బడిలో మళ్లీ ప్రశ్నలడుగుతున్నది. మొన్న మమ్మల్నే ఒక లెక్కలో తప్పు పట్టింది. ‘అన్నా, మీరు ఎవర్ని చూసి రాశారు?’ అన్నది. ఆ మాటకి తను నవ్వింది. మేమూ నవ్వాం.

ఫ్లెక్సీ తీసేశాం. ఈసారి దండ వెయ్యం. పక్కన కూర్చుంటాం.

జై భీమ్!